జయప్రకాశ్ గారి తలకు వెల

"దుమ్ముగూడెం నుంచి అడవి చివరిదాకా ఇక శాంతే శాంతి" అని శాంతి సాధన సమితి చైర్మన్ జయప్రకాశ్ గారు ప్రకటించారు. ఉత్త ప్రకటనే కాదు, రుజువుగా రెండు పావురాలను ఎగరేశారు. ఒకటి ఎగిరింది. రెండోది మైకు మీద కూర్చుని సభ అయ్యేదాకా దిగలేదు. జనం చప్పట్లు కొట్టారు. వెనకాల నిలబడ్డ గన్‌మన్ ధన్‌సింగ్ మాత్రం చేతిలో తుపాకీ ఉండటం వల్ల తల ఊపి ఊరుకున్నాడు.

నిజానికి అడవిలో నక్సలైట్ల తుపాకుల మోత ఆగి చాలా కాలమైంది. అయితే ఆగిందని ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఎదుటి వర్గం నాయకుడు వెంకటరామారావు చెప్పకముందే తాను చెప్పేయాలని జయప్రకాశ్ గారు రెండు పూటల తిండి మానుకుని షామియానా వేయించారు. ప్రజల కోసం అంతటి త్యాగం ఎవరు చేస్తారు?

మర్నాడు పేపర్లో తన ఫొటో చూసుకుంటూ ఇడ్లీ తింటుంటే పోలీసు ఆఫీసరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"కంగ్రాట్స్ అండీ. మీ స్టేట్‌మెంట్ చదివాం. శాంతి వచ్చేసింది కనక నెలాఖరుకు మీ గన్‌మన్‌ను వెనక్కి తీసుకుంటున్నాం."

జయప్రకాశ్ గారు ఇడ్లీ ప్లేటు పక్కకు తోసేశారు.

"అదేంటి సార్! నాకు థ్రెట్ ఉంది."

"ఎవరి నుంచి?"

"అన్నల నుంచి."

"అడవిలో ఎవరూ లేరని మీరే చెప్పారు కదండీ, మొదటి పేజీలో."

"అది జనం కోసం చెప్పింది సార్."

"మేమూ జనమే కదండీ. సరే, థ్రెట్‌కు ఆధారం ఉంటే పట్టుకురండి. రివ్యూ కమిటీలో చూద్దాం."

గన్‌మన్ అంటే ప్రాణాలు కాపాడే మనిషని పట్నంవాళ్లు అనుకుంటారు. పాపం, వాళ్లకేం తెలుసు! గన్‌మన్ కారు తలుపు తీస్తాడు. పెళ్లిళ్లలో ముందు నడిచి "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటాడు. గన్‌మన్ ఉన్నవాడికి మొదటి వరసలో సోఫా వేస్తారు. లేనివాడు చేతులు కడుక్కునే చోట ప్లాస్టిక్ కుర్చీ వెతుక్కుంటాడు. వచ్చే నెల బోనకల్‌లో జయప్రకాశ్ గారి భార్య నాగలత గారి పుట్టింటివైపు పెళ్లి ఉంది. జిల్లాలో పేరున్న ప్రతి మనిషీ అక్కడికి వస్తాడు. ఆ పెళ్లిలో వెంకటరామారావు చూస్తుండగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడమా?

అదే దిగులుతో హాల్లోకి వస్తే నాగలత గారూ ధన్‌సింగూ టీవీ ముందు కూర్చుని కళ్లొత్తుకుంటున్నారు. అది జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్. హిందీలో వస్తుంది. నాగలత గారికి హిందీ రాదు కాబట్టి ధన్‌సింగ్ పక్కన స్టూలు వేసుకుని, తుపాకీ ఒళ్లో పెట్టుకుని అర్థం చెబుతుంటాడు. అత్తాకోడళ్ల సీరియళ్ల కంటే ఇదే నయమని ఆవిడ అభిప్రాయం. ఇందులో పాయసంలో విషం కలిపేవాళ్లు లేరు.

కథ ఎక్కడో నీళ్లు లేని గ్రహం మీద జరుగుతుంది. ఎటు చూసినా ఇసుక, ఆకాశంలో రెండు చందమామలు, చుక్కల మధ్య తిరిగే రైళ్లు, రైలు దిగిన ప్రతివాడి నెత్తిన కౌబాయ్ టోపీ. అక్కడ పచ్చ దుప్పటి కప్పుకుని తిరిగే తుపాకీ వీరుడొకడున్నాడు. వాడంత గురి ఎవరికీ లేదు. కానీ ఎవరినీ చంపడు. ఎదుటివాడి చేతిలో తుపాకీ ఎగరగొట్టి, వేలికి దెబ్బ తగిలిందేమోనని వాడి పక్కనే కూర్చుని ఏడుస్తాడు.

"ఇన్నాళ్ల నుంచి చూస్తున్నామా, ఒక్కడిని కూడా చంపలేదండీ," అన్నారు నాగలత గారు ముక్కు చీదుతూ.

"అవ్ సార్. గన్నున్నోడు గట్లనే ఉండాలె," అన్నాడు ధన్‌సింగ్. "నేను డ్యూటీల చేరినప్పటి సంది ఒక్క రౌండు గూడ కాల్చలే."

జయప్రకాశ్ గారు వాళ్ల మాటలు వినడం లేదు. ఆయన చూపు తెరమీద గోడకు అంటించిన ఒక పోస్టరు దగ్గర నిలిచిపోయింది.

"ఆ పోస్టరేంటి?"

"వాని తలకు వెల కట్టిండ్రు సార్. ఏ ఊరికి పోయినా గవే పోస్టర్లు."

"ఎందుకు కట్టారు?"

"పెద్దోడు గద సార్."

జయప్రకాశ్ గారు ఒక్క ఉదుటున గుమ్మం దగ్గరికెళ్లి చెప్పులేసుకున్నారు.

భద్రాచలంలో లాలు ఫ్లెక్సీ షాపు ఉంది. పుట్టినరోజు నుంచి పరామర్శ దాకా జయప్రకాశ్ గారి ఫ్లెక్సీలన్నీ అక్కడే పుడతాయి. ఆయన నిలబడే మేటర్ చెప్పారు: "శాంతిదూత జయప్రకాశ్ తల తెచ్చినవారికి కోటి రూపాయలు. ఇట్లు, శాంతి విరోధులు."

లాలు టైపు చేసి అడిగాడు. "ఏ ఫొటో పెట్టాలె సార్? దండం పెట్టేదా, చెయ్యి ఊపేదా?"

"దండం పెట్టేది. నవ్వు బాగా కనపడాలి."

"మరి కింద ఎవల ఫొటోలు?"

"కింద ఫొటోలెందుకు?"

"'ఇట్లు' అన్నంక ఫొటోలు ఉండాలె గద సార్. లేకుంటె ఫ్లెక్సీ బోసిపోతది."

పక్కనే ఉన్న ముఖ్య అనుచరుడు లచ్చిరాం ముందుకొచ్చాడు. "నాది పెట్టు లాలూ. పోయినసారి సగం మొఖం కోసేసినవ్."

"అది నన్ను చంపుతామనేవాళ్ల పేర్లుండే చోటయ్యా!" అన్నారు జయప్రకాశ్ గారు.

"అయితేంది అన్నా? మీ ఫ్లెక్సీ మీద మేం లేకుంటె జనం ఏమనుకుంటరు? మీకూ మాకూ చెడిందనుకోరా?"

జయప్రకాశ్ గారు పక్కా ప్రజాస్వామ్యవాది. సాయంత్రానికల్లా శాంతి విరోధుల సంఘానికి లచ్చిరాం మండలాధ్యక్షుడయ్యాడు. ఇద్దరు ఉపాధ్యక్షులు, మహిళా విభాగం కన్వీనరు, యూత్ వింగ్ కూడా ఏర్పడ్డాయి. పదవి దక్కని ఒకాయన అలిగి గోదావరి కరకట్ట మీద కూర్చుంటే గౌరవ సలహాదారుణ్ని చేసి బతిమాలి తీసుకొచ్చారు.

మూడు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ లేచింది. తెల్లారేసరికి దానికెదురుగా వెంకటరామారావు ఫ్లెక్సీ కూడా లేచింది. ఆయన తలకు రెండు కోట్లు. ఆయన గన్‌మన్లనూ తీసేస్తామన్నారట! ఇక ఊరు ఆగలేదు. సర్పంచులు, వార్డు మెంబర్లు, చివరికి ఎరువుల షాపు ఓనరు కూడా తమ తలలకు వెలలు కట్టించుకున్నారు. పుట్టినరోజు వస్తే అనుచరులు కేకు కోసి వెల పెంచారు. మొగుడి తలకు యాభై వేలే కట్టారని ఒక మాజీ సర్పంచి భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. లాలు రెండో మిషను కొన్నాడు.

సోమవారం పొద్దున జయప్రకాశ్ గారు గేటు దగ్గరికొచ్చేసరికి బయట పెద్ద క్యూ ఉంది. కూలీలున్నారు, రైతులున్నారు, ఒక రిటైర్డ్ టీచరు కూడా ఉన్నారు. అందరి చేతుల్లో ఆధార్ జిరాక్సులు. అందరికంటే ముందు బద్యా అనే మిర్చి రైతు, చంకలో వేటకొడవలితో నిలబడ్డాడు.

"సారూ, తల పథకం ఈడనేనా?"

"పథకమేంటి?"

"తల దెస్తె కోటి అంట గద. పైన మీ ఫొటో ఉంది, కింద లచ్చిరాం ఫొటో ఉంది. అంటె సర్కారుదే గద. తల మీకే ఇయ్యాల్నా, ఎమ్మార్వో ఆఫీసుల ఇయ్యాల్నా?"

"ఎవరి తలయ్యా?"

"రాసున్నది మీదే గద సారూ. ఓట్లప్పుడు జనం కోసం తలైనా ఇస్తనంటిరి. ఇప్పుడు ఇయ్యనంటరా?"

బద్యా నవ్వుతున్నాడో లేదో మీసాల వల్ల తెలియలేదు.

"జల్దీ కానీయుండ్రి, మిరపకాయ ఏరబోవాలె!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. క్యూ ముందుకు తోసుకొచ్చింది. గేటు కిర్రుమంది. జయప్రకాశ్ గారికి ఒకే క్షణంలో ప్రాణభయమూ పట్టరాని సంతోషమూ కలిగాయి.

"థ్రెట్! అసలు సిసలు థ్రెట్! ధన్‌సింగూ, ముందు వీడియో తియ్యి, తర్వాత కాల్చు!"

ధన్‌సింగ్ వీడియో తీశాడు. తుపాకీ మాత్రం తీయలేదు. మెట్టెక్కి నిలబడి అడిగాడు.

"ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చిండ్రా?"

క్యూ ఆగింది.

"రేషన్ కార్డు ఒరిజినలు? కుల సర్టిఫికెట్?"

"అవి గూడ గావాల్నా?" అన్నాడు బద్యా.

"మరి కోటి ఊకెనే ఇస్తరా? ఆన్‌లైన్ జేసుకోని టోకెన్ పట్టుకోని రాండ్రి. ఇయ్యాల సర్వర్ డౌనుంది."

ఎవరికీ కోపం రాలేదు. అందరికీ అలవాటైన మాటే. జిరాక్సులు మడిచి జేబుల్లో పెట్టుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. కిటికీలోంచి నాగలత గారు గట్టిగా చప్పట్లు కొట్టారు.

"అచ్చం వాడే! దుప్పటొక్కటే తక్కువ!"

జయప్రకాశ్ గారు ఆ వీడియో పట్టుకుని ఆఫీసరు దగ్గరికి ఉరికారు. ఆయన రెండుసార్లు శ్రద్ధగా చూశారు.

"వీళ్లు థ్రెట్ కాదండీ, లబ్ధిదారులు."

"కొడవలి ఉంది సార్!"

"ఆధార్ కూడా ఉంది. చంపేవాడు ఆధార్ పట్టుకొస్తాడా? మీ ఫ్లెక్సీ సంగతి మాత్రం సీరియస్. రాత్రి దాన్ని వెంకటరామారావు మనుషులు బ్లేడుతో కోయబోయారు. అది లా అండ్ ఆర్డర్ ప్రాబ్లం."

రివ్యూ కమిటీ లోతుగా ఆలోచించి తేల్చింది. జయప్రకాశ్ గారి ప్రాణానికి ఏ అపాయమూ లేదు. ఆయన ఫ్లెక్సీకి ఉంది. కాబట్టి గన్‌మన్ ధన్‌సింగ్‌ను ఇకమీదట ఫ్లెక్సీకి కేటాయించడమైనది.

ఇంకొకరైతే కుంగిపోయేవారు. జయప్రకాశ్ గారు ఒక్కటే అడిగారు.

"ఫ్లెక్సీ ఎక్కడికెళ్తే గన్‌మన్ అక్కడికి వస్తాడు కదా సార్?"

"రూలు ప్రకారం అంతేనండీ."

ఆయన పొంగిపోయారు. బోనకల్ పెళ్లికి ఫ్లెక్సీని ఫ్రేముతో సహా ఊడదీసి ట్రాలీ ఆటో ఎక్కించారు. పెళ్లి పందిరి దగ్గర ధన్‌సింగ్ ముందుగా దిగి "జరుగుండ్రి, జరుగుండ్రి" అన్నాడు. జనం రెండు పాయలుగా విడిపోయారు. శాంతి విరోధుల సంఘం కార్యవర్గం ఫ్లెక్సీని భుజాల మీద మోసింది. వెనక జయప్రకాశ్ గారు అటూ ఇటూ దండాలు పెడుతూ నడిచారు. మొదటి వరసలో అందరినీ లేపి సోఫా ఖాళీ చేయించారు. ఫ్లెక్సీని దానికి ఆనించారు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సరిగ్గా సరిపోయింది. సోఫా చేయి మీద కాస్త చోటుంటే జయప్రకాశ్ గారు అక్కడ కూర్చోబోయారు.

"సార్, జర దూరం," అన్నాడు ధన్‌సింగ్.

"నేనయ్యా!"

"మీరే సార్. ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యొద్దని ఆర్డరుంది. మీకైతె థ్రెట్ లేదు, మీరు ఏడనన్న కూసోవచ్చు."

ఇంతలో పెళ్లికొడుకు తండ్రి పరుగున వచ్చి, ధన్‌సింగ్ దగ్గర పర్మిషన్ తీసుకుని ఫ్లెక్సీకి శాలువా కప్పారు. పెద్దలంతా దానికి అటూ ఇటూ వరసగా నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. జయప్రకాశ్ గారు అలవాటుగా చేతులు జోడించి, నవ్వు బాగా కనపడేట్టు నవ్వుతూ ఓ పక్కన వచ్చి నిలబడ్డారు.

"ఎవరండీ ఆ చివర?" అన్నాడు ఫొటోగ్రాఫరు. "సారుకు అడ్డం వస్తున్నారు, కొంచెం జరగండి."

జయప్రకాశ్ గారు జరిగారు.