మహేశ్వరికి వేసిన దండ

"క్షమాపణ చెప్పడం చేతగానోళ్ళ పని కాదు, దమ్మున్నోళ్ళ పని!" అని మహిళా భద్రతా వారోత్సవాల కన్వీనర్ రాఘవేంద్ర గారు హిందూపురం ప్రెస్‌మీట్‌లో ప్రకటించి, బల్ల మీద ఒక్క గుద్దు గుద్దారు. మైకులు ఎగిరిపడ్డాయి. మహిళల భద్రత గురించి ఇంత బలంగా మాట్లాడే నాయకుడు ఈ జిల్లాలోనే లేడని, ఆయన కుర్చీ వెనక నిలబడ్డ వీరేష్‌కు ఒళ్ళు పులకరించింది.

వీరేష్ పార్టీ పట్టణ కార్యదర్శి. మార్కెట్ యార్డు డైరెక్టర్ పదవి ఈ ఉగాదికి, కాదు వినాయక చవితికి, కాదు దసరాకు అని వింటూ వింటూ జుట్టు నెరిసినా నమ్మకం మాత్రం నెరవని మనిషి. ఈసారి పదవి ఖాయమే. ఉమాశంకర్ చేత క్షమాపణ చెప్పించే కార్యక్రమం మొత్తం అతని నెత్తినే పెట్టారు మరి.

ఉమాశంకర్ ఎవరో కొత్తగా చెప్పాలా? పెనుకొండలో పుట్టి దేశానికి ఆడిన ఫాస్ట్ బౌలర్. బిరుదు పెనుకొండ ఎక్స్‌ప్రెస్. ఆయన్ను ఏరికోరి మహిళా భద్రతకు ప్రచారకర్తగా పెట్టింది రాఘవేంద్ర గారే. పెట్టిన వారానికే బెంగళూరు హోటల్ లిఫ్ట్‌లో ఉమాశంకర్ తన భార్య చెంప మీద కొట్టిన వీడియో బయటికొచ్చింది. ఒక దెబ్బ కాదు. లిఫ్ట్ కిందికి దిగేదాకా కొట్టాడు.

జనం తమ బాధ్యతను ఏమాత్రం మరవలేదు. హిందూపురం టీ హోటల్లో నాగేష్ అనే అభిమాని లెక్క తేల్చేశాడు. "మా అన్న చెయ్యి ఎత్తితే బంతి కంటికి కనపడదు. నిజంగా కొట్టింటే ఆయమ్మ నిలబడేదా? ఎంత కంట్రోల్ చేసుకున్నాడో చూడండప్పా!" హోటలంతా అన్న నిగ్రహానికి తలలూపింది. మహిళా విభాగం నాయకురాలు సోమక్క ఇంకాస్త లోతుకు వెళ్ళింది. "లిఫ్ట్‌లో జాగా తక్కువ. పొడుగు చేతులోడు. తగిలింటాది" అంది. తన మొగుడివీ పొడుగు చేతులేనని ఆమె ఎక్కడా బయటపడలేదు.

ఆ పై వారం క్షమాపణ వచ్చింది. "లిఫ్ట్‌లో జరిగిన ఘటన వల్ల ఎవరి మనోభావాలైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాను. అభిమానులకు, జట్టుకు, స్పాన్సర్లకు, అద్దం పగిలిన లిఫ్ట్ తాలూకు యాజమాన్యానికి నా సారీ." అభిమానులు ఆ నాలుగు ముక్కల్నీ నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించి దానికి పాలాభిషేకం చేశారు. హిందూపురం నుంచి పెనుకొండదాకా బైక్ ర్యాలీ తీశారు. కప్పు గెలిచిన రోజు కూడా అంత ఊపు లేదు.

ప్రెస్‌మీట్‌లో ఒక విలేకరి ఉండబట్టలేక రాఘవేంద్ర గారిని అడిగాడు. "క్షమాపణ ఎవరికి సార్?"

"అందరికీ."

"భార్యకు?"

"అందరిలో ఆయమ్మ లేదా? మీరెందుకప్పా ఆయమ్మను వేరు చేసి చూస్తాండారు? ఆడోళ్ళను వేరు చేసి చూడకూడదనే కదా మా పార్టీ సిద్ధాంతం!"

విలేకరి కూర్చున్నాడు. ఆదివారం పెనుకొండలో క్షమా మహోత్సవమని, దంపతులిద్దరూ వేదికెక్కుతారని, ఆడపడుచులందరికీ పట్టుచీరలని రాఘవేంద్ర గారు ముగించారు. కారెక్కుతూ వీరేష్ భుజం తట్టి, "మహేశ్వరి నీకు చెల్లెలి వరస కదప్పా. పోయి పిలుచుకోని రా" అన్నారు.

ఉమాశంకర్ భార్య మహేశ్వరి ధర్మవరంలో పుట్టింట్లో ఉంది. వీరేష్ వెళ్ళేసరికి వాళ్ళమ్మ శ్యామలమ్మ మగ్గం దగ్గర ఉంది. మహేశ్వరి చాప వేసి, "ఈ పక్క కూర్చో అన్నా. ఎడమ చెవి వినపడదు" అంది.

"ఎప్పటి నుంచమ్మా?"

"లిఫ్ట్ నుంచి."

వీరేష్ పెద్ద పెద్ద సభల్లో దంచి పారేసిన మనిషే. ఇక్కడ ఎండల గురించి, బస్సుల గురించి మాట్లాడాడు. చివరికి ఆదివారం సంగతి చెప్పాడు.

"వస్తానన్నా. ఒకటే మాట. మహేశ్వరిని నేను కొట్టినాను, తప్పు నాదే అని ఆయప్ప నోటితో చెప్పల్ల. నన్ను చూసి చెప్పల్ల. దుడ్లొద్దు, కేసొద్దు, చీరొద్దు. ఆ ఒక్క మాట చెప్పకపోతే నేను ఆ ఇంటి గడప తొక్కను."

"అంతేనా!" అన్నాడు వీరేష్. పదవి చేతికొచ్చినంత సంబరపడి బస్సెక్కాడు.

పాపం, ఎంత పెద్ద కోరిక కోరిందో అతనికి పెనుకొండ చేరాక గానీ తెలియలేదు. ఉమాశంకర్ మేనేజర్ సురేష్ లాయర్ను అడిగాడు. పేరు పలికితే నేరం ఒప్పుకున్నట్టేనన్నాడు లాయర్. స్పాన్సర్లను అడిగితే 'కొట్టినాను' అన్న మాట తమ బిస్కెట్ల మీద ప్రభావం చూపుతుందన్నారు. రాఘవేంద్ర గారు సంప్రదాయం వైపు నుంచి ఆలోచించారు. "మన సీమలో మొగోడు పదిమందిలో పెండ్లాం పేరు పలుకుతాడా? ఏం మర్యాదప్పా అది? ఆయమ్మ రాకపోతే ఆయమ్మ ఫ్లెక్సీ పెడదాం. ఫ్లెక్సీకి దండం పెడతాడు. ఫ్లెక్సీ షరతులు పెట్టదు."

మరి ఆమె ఫోటో? పెళ్ళి ఫోటోల్లో పోస్టర్ల కోసం ఉమాశంకర్ బొమ్మ మటుకే మిగిల్చి ఎప్పుడో కత్తిరించేశారు. లోకానికి తెలిసిన మహేశ్వరి లిఫ్ట్ వీడియోలో ఉంది, అక్కడేమో మొహం మీద జుట్టు. శ్యామలమ్మ దగ్గర డిగ్రీ కాలం నాటి ఫోటో ఒకటి దొరికింది. రెండు జడల బక్కపిల్ల. వీరేష్ దాన్ని హిందూపురంలో ఫ్లెక్సీలు కొట్టే మారప్పకిచ్చాడు.

మారప్ప కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పకుండానే అడిగాడు. "పుట్టినరోజా, సంతాపమా?"

"రెండూ కాదప్పా."

"మా దగ్గర ఆ రెండు డిజైన్లే ఉండాయి. బతికినోళ్ళకు కిరీటం, పులి, టపాకాయలు. పోయినోళ్ళకు తెల్ల రోజాలు, దీపం. ఏది కావల్ల?"

వీరేష్ తల గోక్కున్నాడు. దెబ్బలు తిన్న ఆడమనిషి పక్కన పులిని పెడితే బాగుండదు కదా! "ఆ నెమ్మదిగా ఉండేదే వెయ్యి. శ్రద్ధాంజలి అనే మాట తీసెయ్యి చాలు" అన్నాడు.

శనివారం పొద్దున ఫ్లెక్సీ పెనుకొండ సెంటర్లో లేచింది. సోమక్క గౌరవం కొద్దీ దానికొక బంతిపూల దండ కూడా వేసి చేతులు జోడించింది. ఆటోలు ఆగాయి. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. టిఫిన్ల వేళకు ఊరూరా తెలిసిపోయింది, మహేశ్వరి పోయిందని. నాగేష్ స్టేటస్ పెట్టాడు. "వదినమ్మా, మా గుండెల్లో ఉంటావు." కిందటి వారం ఇదే వదినమ్మను డబ్బు కోసం నాటకాలాడుతోందని తిట్టినవాడు ఇంత పెద్ద మనసు చేసుకోవడం మాటలా!

పావుగంట గడిచిందో లేదో, ఉమాశంకర్ సందేశం ఫోన్లలో మోగింది. లాయర్ను అడిగే తీరిక లేదు, స్పాన్సర్ ఊసు లేదు. "నా మహేశ్వరి ఇక లేదు. మహేశ్వరీ, నువ్వు లేని ఇల్లు ఇల్లు కాదు. నా విజయాలన్నీ నీవే మహేశ్వరీ..." వీరేష్ దాన్ని రెండోసారి చదవడం మొదలుపెట్టాడు. అప్పుడే ఫోన్ మోగింది. ధర్మవరం నుంచి.

"అన్నా, నేను చచ్చిపోయినానంట కదా! మా అమ్మ ఏడుస్తాండాది. నేను పక్కనే కూర్చోనుండా, అయినా ఏడుస్తాండాది."

"తల్లీ, ఏదో పొరపాటు..."

"ఆయప్ప రాసింది చదివినా. నా పేరు ఎన్ని మార్లు రాసినాడన్నా! బతికుండగా ఒక్క మారు పలకమంటే లాయరు వద్దన్నాడు. రేపు సభకు వస్తా."

"నువ్వు వస్తే ఎట్లమ్మా?"

"నా సభే కదన్నా."

వీరేష్ పరుగున పోయి రాఘవేంద్ర గారికి ఆమె నిక్షేపంగా ఉందని చెప్పాడు. ఆయన మొహం వాడిపోయింది. "ఇప్పుడు బతికుండాదంటే ఇంతమంది మనోభావాలు ఏం గావల్ల?" అన్నారు. సురేష్ ఫోన్లోంచి తల ఎత్తి, సందేశానికి స్పందన అద్భుతంగా ఉందని, జంకిన బిస్కెట్లవాళ్ళు ధైర్యం తెచ్చుకున్నారని చెప్పాడు. చర్చించి మధ్యేమార్గం కనుక్కున్నారు. చచ్చిపోయిందని పార్టీ ఎక్కడా అనలేదు కాబట్టి ఖండించే పని లేదు. నాలుగు రోజులాగి, బతికే ఉందని తీరిగ్గా ప్రకటిస్తే అదింకో పండగ.

ఆదివారం పెనుకొండలో ఇసక వేస్తే రాలని జనం. వేదిక మీద దండ వేసిన ఫ్లెక్సీ. ముసుగు కప్పుకుని మహేశ్వరి ఆడవాళ్ళ వరసలో తల్లి పక్కన కూర్చుంది. ఎవరూ గుర్తుపట్టలేదు, రెండు జడల పిల్లనూ లిఫ్ట్‌లో జుట్టునూ తప్ప వాళ్ళు ఆమెను చూసిందెక్కడ? వీరేష్ ఒక్కడే గుర్తుపట్టి, చీరల కట్టల వెనక్కి జరిగాడు. మౌనం పాటించమనగానే అందరితో పాటు ఆమె కూడా లేచి నిలబడింది.

ఉమాశంకర్ మైకు అందుకున్నాడు. "మహేశ్వరీ! ఒక్కసారి నా కళ్ళ ముందుకు రా. నీ కాళ్ళు పట్టుకుంటా!" జనం గొల్లుమన్నారు. సోమక్క మూర్ఛపోయింది, నీళ్ళు చల్లారు.

తర్వాత మహేశ్వరి జ్ఞాపకార్థం, సూరత్‌లో తయారైన ధర్మవరం పట్టుచీరల పంపిణీ మొదలైంది. వరసలో ఆమె వంతు వచ్చింది. పక్కనే వీరేష్ చీరల కట్టలు అందిస్తున్నాడు. ఆమె ముసుగు వెనక్కి తోసి, ఉమాశంకర్ ముందు నిలబడింది.

"వచ్చినా" అంది.

ఉమాశంకర్ కళ్ళు కెమెరా మీదున్నాయి. చీర ఆమె చేతుల్లో పెట్టి, ఫోటో కోసం ఆమె ఎడమ పక్కకు జరిగి, ఫ్లాష్ పడేదాకా పట్టుకుని, పెదాలు కదిల్చాడు. వెనక నుంచి ఇంకో ఆడమనిషి తోసుకొచ్చింది.

మెట్లు దిగే చోట మహేశ్వరి వీరేష్ వైపు తిరిగింది.

"ఆయప్ప నా ఎడమ పక్క నిలబడినాడన్నా, ఏమీ వినపడలా. ఏమన్నాడు? చెప్పినాడా?"

ఎన్ని అబద్ధాలు ఆడి పట్టణ కార్యదర్శి అయ్యాడు వీరేష్! ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు.

"'జరుగమ్మా జరుగు, వెనక జనం ఉండారు' అన్నాడు తల్లీ" అన్నాడు.

ఆమె చీరను మెట్టు మీద పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుని ధర్మవరం బస్సు వైపు నడిచింది.

మరుసటి రోజు అన్ని పేపర్లలోనూ ఫోటో పడింది. చాలా బాగా వచ్చింది. కింద ఇలా రాశారు: "భార్య మహేశ్వరి జ్ఞాపకార్థం ఓ నిరుపేద మహిళకు చీర అందజేస్తున్న ఉమాశంకర్."