ముప్పై ఐదో ఛానెల్‌కు గృహప్రవేశం

పశ్చిమ సిడ్నీ తెలుగువారి ఏకైక టెలివిజన్ కేంద్రం ‘తరంగిణి’, తన ప్రేక్షకుల శ్రేయస్సును దృష్టిలో ఉంచుకుని, కొంతకాలం పాటు ఎక్కడా కనిపించకూడదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

కారణం చాలా సబబైనది. పాత ఛానెల్ వాడుకుంటున్న తరంగాలను ప్రభుత్వం మొబైల్ ఫోన్లకు ఇచ్చేసింది. జూన్ ఆఖరుకల్లా ఖాళీ చేసి ముప్పై ఐదో ఛానెల్‌కు వెళ్ళమంది. కావాలంటే ఒక నెలపాటు పాత చోటా కొత్త చోటా ఒకేసారి ప్రసారం చేసుకోవచ్చనీ, ఈలోగా జనం తమ టీవీలు సరిచేసుకుంటారనీ దయతో సూచించింది కూడా. ఇంత తేలికైన పనికి ప్రణాళికా సంఘం అక్కర్లేదు. అందుకని రెండు సంఘాలు వేశారు.

మొదటి సంఘంలో ఉదయలక్ష్మిని చేర్చుకున్నారు. ఆమె బ్లాక్‌టౌన్ హైస్కూల్లో లెక్కల టీచరు. కానీ చేర్చుకున్నది అందుకు కాదు. ఆమె భర్త హేమచంద్ర తరంగిణిలో ఏళ్ళ తరబడి ఆదివారం వార్తలు చదివారు. రెండేళ్ళ కిందట పోయారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని ఆమెను కూర్చోబెట్టారు. ఆమె ఏదైనా మాట్లాడితే అందరూ తలలు వంచి మౌనం పాటించేవారు. మౌనం అయిపోయాక చర్చ ఆమె మాట్లాడక ముందు ఎక్కడ ఉందో అక్కడి నుంచి మొదలయ్యేది.

హేమచంద్ర పోయినా ఆయన వార్తలు ఆగలేదు. కొత్తగా చదివేవారు కోస్తావారై ఉండాలా, తెలంగాణవారా, సీమవారా అన్నది తేలకపోవడంతో, తేలేవరకు పాత వార్తలనే ‘నివాళి’గా వేస్తూ వచ్చారు. ఓడిపోయిన ప్రభుత్వాలు ప్రతి ఆదివారం మళ్ళీ ప్రమాణ స్వీకారం చేశాయి. ఈసారి వర్షాలు లేవని హేమచంద్ర గంభీరంగా చెబుతున్న సాయంత్రం బయట వీధులు నీటితో నిండి ఉన్నాయి. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. వార్తల విశ్వసనీయతకు ఇంతకంటే రుజువు ఏం కావాలని అధ్యక్షులు డాక్టర్ ద్వారకానాథ్ వార్షిక సభలో ప్రశ్నించారు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ వార్తలను ఒక మనిషి మాత్రం తప్పకుండా చూసేది. హేమచంద్ర తల్లి ఆండాళ్. కెల్లీవిల్‌లో ఏజ్డ్ కేర్ అనే వృద్ధాశ్రమంలో ఉంటుంది. మతిమరుపులో ఇంగ్లీషు ముందు పోయింది, ఆ తరువాత నిన్న, మొన్న పోయాయి. కొడుకు పోయాడన్న సంగతి చెప్పినప్పుడల్లా కొత్తగా విని, కొత్తగా ఏడ్చేది. కొన్నాళ్ళకు ఉదయలక్ష్మి చెప్పడం మానేసింది. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఆండాళ్ తల దువ్వించుకుని టీవీ ముందు కూర్చుంటుంది. కొడుకు “నమస్కారం” అనగానే తనూ చేతులు జోడిస్తుంది. ఆ రాత్రి మారాం చేయకుండా అన్నం తింటుంది.

కనుక ప్రణాళికా సంఘంలో ఉదయలక్ష్మి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

“మారేటప్పుడు మధ్యలో ప్రసారం ఆగదు కదండీ?”

అందరూ తలలు వంచారు. తరువాత సాంకేతిక విభాగం అధిపతి విజయభాస్కర్ అందుకున్నాడు. ఆయన వంతెనల ఇంజనీరు. ఇంజనీరు ఇంజనీరే కనుక ఆ బాధ్యత ఆయనకు అప్పగించారు.

“మీరేం ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. అంతా స్మూత్‌గ అయితది. ఇటు ఆఫ్, అటు ఆన్. గంతే.”

“మరి ఆ ఆన్ చేసేది ఎప్పుడో పంతులుగారు చెప్పాలిగా,” అన్నారు ద్వారకానాథ్. ఆయన గుండె ఆపరేషన్ల నిపుణులు. రోజూ గుండెలు కోసే చేతులతో పంచాంగాన్ని పువ్వులా అందుకుని సత్యనారాయణమూర్తికి ఇచ్చారు. సత్యనారాయణమూర్తి వారమంతా బ్యాంకులో డేటా చూస్తాడు, శనివారాలు నక్షత్రాలు చూస్తాడు.

ఆయన చాలాసేపు చూసి, జూన్‌లో గురుమూఢమనీ, అది పూర్తికాకముందే ఆషాఢమనీ, శ్రావణం వచ్చేవరకు కొత్త ఛానెల్లో కాలు పెట్టకూడదనీ సెలవిచ్చాడు. ఖాళీ చేయడానికి మాత్రం ఏ దోషమూ లేదట.

“అంటే జూలై అంతా తరంగిణి ఎక్కడ ఉంటుంది?” అంది ఉదయలక్ష్మి.

“మన గుండెల్లో ఉంటుందమ్మా,” అన్నారు గుండె నిపుణులు.

“ప్రభుత్వం రెండు చోట్లా వేసుకోమంది కదండీ. జూన్‌లోనే మొదలుపెడితే...”

“ఇల్లు మారేటప్పుడు రెండిళ్ళలోనూ పొయ్యి వెలిగిస్తామా వదినగారూ?” అని సత్యనారాయణమూర్తి నవ్వాడు. ఈ వాదనకు జవాబు లేదని అందరూ ఒప్పుకున్నారు.

రెండో సంఘం అంకె సంగతి చూసింది. మూడూ ఐదూ కలిపితే ఎనిమిది, ఎనిమిది శనిది. అంకె మార్చమని ప్రభుత్వాన్ని కోరారు. కుదరదని ప్రభుత్వం మర్యాదగా చెప్పింది. అప్పుడు సంఘం మధ్యేమార్గం కనిపెట్టింది. గాలిలో అంకె ప్రభుత్వానిది, కాగితం మీద అంకె మనది. పోస్టర్లన్నిటి మీదా ముప్పై ఆరు అని అచ్చు వేయించారు. ముప్పై ఆరులో పగలూ రాత్రీ వాక్యూమ్ క్లీనర్లు అమ్ముతారు. ద పాండ్స్ పేటలో ఉండే ఒక కార్యవర్గ సభ్యుడు అదే చూసి, బొమ్మ ఇదివరకటికంటే ఎంతో స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాడు.

జూలై మొదటి ఆదివారం ఆండాళ్ తల దువ్వించుకుని కూర్చుంది. నీలం తెర మీద సిగ్నల్ లేదని వచ్చింది.

“ఏమే ఉదయా, చంద్రం రాలేదేం?”

“సెలవు పెట్టారత్తయ్యా.”

“సెలవు పెట్టే మనిషా వాడు! మీ పెళ్ళిరోజుకే పెట్టలేదు.”

అది నిజమే.

మరుసటి ఆదివారం ఆమె కూతురు చైత్ర తండ్రి పాత వార్తలను టాబ్లెట్‌లో పెట్టి బామ్మ ఒళ్ళో ఉంచింది. ఆండాళ్ దాన్ని దూరంగా తోసేసింది.

“పలక మీద నా కొడుకేవిటే? పెద్దయ్యాడు వాడు.”

“బట్ ఇట్స్ ద సేమ్ వీడియో, బామ్మా!”

“వార్తలు టీవీలో వస్తాయి. నాకు తెలీదా?”

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. మూడో ఆదివారం, వాడి ఉద్యోగం పోయిందా, నా దగ్గర దాస్తున్నారా అని అడిగి, మంచినీళ్ళు కూడా వద్దని ముఖం గోడవైపు తిప్పుకుంది. ఉదయలక్ష్మి వరండాలోకి వచ్చి అధ్యక్షులకు ఫోన్ చేసింది.

“డాక్టరుగారూ, ప్రసారం ఆగిపోయిందని ఒక ప్రేక్షకురాలు తిండి మానేశారండీ.”

అవతల కుర్చీలోంచి లేచిన చప్పుడు అయింది.

“ప్రేక్షకురాలా?” అన్నారు ద్వారకానాథ్. “మనకా? చూస్తున్నారా?”

కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. ఎవరూ చూడరంటూ స్థాపించిన నాటి నుంచి తరంగిణి మీద వస్తున్న అపనిందలన్నిటికీ ఆ వృద్ధురాలు ఉపవాసంతో జవాబిచ్చిందని కొనియాడింది. ప్రసారం వెంటనే మొదలుపెట్టాలన్న ప్రతిపాదన ఎవరూ చేయలేదు. సన్మానం చేయాలన్న ప్రతిపాదన అందరూ చేశారు.

శ్రావణ శుక్రవారం నాడు ట్రాన్స్‌మిటర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు లోపలికి పోకుండా విజయభాస్కర్ తన కోటు అడ్డుపెట్టాడు. సాంకేతిక విభాగం చేసిన పని ఇదేనని చెప్పాలి. తరంగిణి ముప్పై ఐదో ఛానెల్లో కుడికాలు పెట్టింది.

శనివారం కార్యవర్గమంతా శాలువాతో, పూలదండతో, కెమెరాతో కెల్లీవిల్ వెళ్ళింది. అప్పటికే ఉదయలక్ష్మి టీవీని కొత్త ఛానెల్‌కు మార్చి ఉంచింది. తెర మెరుపు కెమెరాలో పడుతోందని విజయభాస్కర్ టీవీ ఆపించాడు. ఆపేసిన టీవీ ముందు ఆండాళ్‌ను కూర్చోబెట్టి, చూస్తున్నట్టు ఉండమన్నారు. నీరసంతో తల వాలిపోతుంటే దండ సర్దుతున్నట్టు ఎవరో పట్టుకున్నారు. “తరంగం ఆగినా తల్లి మనసు ఆగదు!” అంటూ ద్వారకానాథ్ చాలాసేపు మాట్లాడారు.

వెళ్ళేటప్పుడు ఉదయలక్ష్మి ఆయన్ను గుమ్మం దగ్గర ఆపింది.

“రేపు ఆరింటికి ఆయన వార్తలు వేస్తారు కదండీ? పాతవే. ఏవైనా సరే.”

“ఎంత మాటమ్మా! రేపు ఆరు గంటలు అత్తగారివే.”

ఆయన మాట తప్పలేదు. ఆదివారం సరిగ్గా ఆరు గంటలకు, వార్తలు ఆపి, అత్తగారి సన్మానం వేశారు.

తల దువ్వించుకుని, చేతులు జోడించడానికి సిద్ధంగా కూర్చున్న ఆండాళ్, తెర మీద దండ బరువుకు వంగిపోయిన మనిషిని చాలాసేపు చూసింది.

“ఎవరే ఆ ముసలావిడ?”

ఉదయలక్ష్మి టీవీ శబ్దం తగ్గించింది.

“పాపం, కడుపున పుట్టినవాళ్ళెవరూ లేరు కాబోలు,” అంది ఆండాళ్. “ఊళ్ళోవాళ్ళంతా చేరి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆవిడకింత అన్నం పెట్టమని చెప్పవే.”

ఉదయలక్ష్మి చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. సన్మానం వీడియో తెలుగు గ్రూపులన్నిటికీ అప్పుడే చేరింది. టీవీలో చూసినవారు లేకపోయినా, ఫోనులో చూసినవారు చేతులు జోడించిన బొమ్మలు పంపుతున్నారు. ఒకటి తరువాత ఒకటి. ఇది చదువుతున్న మీరు పంపింది కూడా అందింది.