పెద్ద నర్సే తేల్చాలి

శనివారం మధ్యాహ్నం చర్చిలో విందు. కెంటకీలో వాళ్లది చిన్న ఊరు, విందంటే ఇంటికో వంటకం రావాల్సిందే. వెర్నా తెల్లారేసరికే పీచ్ పళ్లు కూరి కాల్చే 'పై' అనే తీపి వంటకం చేసి కిటికీలో చల్లారబెట్టింది. మడమ మీద పుండు పడ్డాక ఆమె గడప దాటలేదు. ఇవాళ నర్సు కట్టు విప్పి సరేనంటే నలుగురిలో కూర్చుని తినాలని ఆశ. తను వెళ్లకపోతే విందులో పెట్టే పైల పోటీ బహుమతి పక్కింటి మార్జొరీ ఎగరేసుకుపోతుందని బెంగ కూడా.

వచ్చింది చిన్న నర్సు డార్లా. కట్టు విప్పి, శుభ్రం చేసి, పుండు కొలిచి రాసుకుంది. వెర్నా కూతురు లోరీన్ ముందుకు వంగి అడిగింది.

"మానినట్టేనా?"

"అది నేను చెప్పకూడదండీ. చూసింది చెప్పడం వరకే నా పని. మానిందో లేదో పెద్ద నర్సు తేల్చాలి. రమ్మని ఫోన్ చేస్తాను."

"అంత ఘోరంగా ఉందా?"

"అదీ నేను చెప్పకూడదు."

కన్నతల్లి కాలి గురించి అడిగితే ఇలాంటి జవాబొస్తే ఎవరి గుండె నిలుస్తుంది? లోరీన్ వంటింట్లోకి పోయి, పెద్ద నర్సును పిలిపిస్తున్నారని అక్కకు ఫోన్ చేసింది. కాలు తీసేస్తారేమోనని అక్క పాస్టరుగారికి చెప్పింది. ప్రార్థన చెయ్యమని ఆయన ఇంటింటికీ కబురంపారు. ఆ ఊరివాళ్లు కష్టం కబురు వింటే ప్రార్థనతో ఊరుకోరు, వండింది పట్టుకుని బయల్దేరతారు. ఆ రోజు వండి ఉన్నది విందు వంటే.

కాసేపటికి ఇల్లంతా మూతపెట్టిన గిన్నెలు. మార్జొరీ తను చేసిన పైని బల్ల మీద పెట్టి కళ్లొత్తుకుంది.

"బహుమతి నీకే ఇమ్మని చెప్పేశాను వదినా."

"నేనింకా పోలేదే" అంది వెర్నా.

పెద్ద నర్సు జనాన్ని తోసుకుంటూ వచ్చి మడమ చూసింది. పుండు పూర్తిగా మానిందని, ఎక్కడికైనా నిక్షేపంగా వెళ్లొచ్చని చెప్పింది. మార్జొరీ అక్కడికక్కడే తన మాట వెనక్కి తీసుకుంది.

వెళ్దామంటే చర్చిలో ఎవరూ లేరు. పాస్టరుగారితో సహా విందంతా ఇక్కడే ఉంది. వెర్నా మాత్రం బూట్లు తొడుక్కుంది.

"ఇన్నాళ్లకి గడప దాటుతుంటే ఆపుతారా? గిన్నెలెత్తండి, పదండి."

ఆమె ముందు, ఊరంతా వెనక. పని ముగిసిన డార్లా కూడా వెళ్లింది. పొరుగూరి మనిషి, పక్షపాతం ఉండదని పాస్టరుగారు రెండు పైలూ ఆమెకే పెట్టించి, ఏది బాగుందని అడిగారు. డార్లా మూతి తుడుచుకుంది.

"రెండు పళ్లాలూ ఖాళీ అయ్యాయండీ. ఏది బాగుందో పెద్ద నర్సే తేల్చాలి."