మోర్లాక్ రొట్టెల బట్టీ సంరక్షణ

మా మోర్లాక్ గ్రామంలోని నాలుగు వందల ఏళ్లనాటి ఉమ్మడి రొట్టెల బట్టీని ప్రభుత్వం వారు వారసత్వ సంపదగా గుర్తించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఆ రోజు నుంచి అందులో రొట్టెలు కాల్చడం నిషిద్ధం. పొగ వల్ల పురాతనమైన రాళ్లు నల్లబడుతున్నాయట. నాలుగు వందల ఏళ్లుగా నల్లబడుతున్నా మాలో ఒక్కరికీ తట్టలేదంటే మా అజ్ఞానం ఏపాటిదో మీరే ఊహించుకోండి.

ఊరి జనాభా తొంభై ముగ్గురు. వారసత్వ పరిరక్షణ సంఘంలో సభ్యులం తొంభై ఇద్దరం. మిగిలిన ఒక్కరు లియొంతీన్ మామ్మ. యాభై ఏళ్లుగా ప్రతి శనివారం ఆ బట్టీలో ఊరందరికీ రొట్టెలు కాల్చిన మనిషి. శనివారం లేకపోతే ఆవిడకు వారమే లేదు. బట్టీని కాపాడమని మేం అర్జీ రాసుకున్నది ఆవిడ బల్ల మీదే, ఆవిడ రొట్టె తింటూనే. అర్జీ మీద వెన్న మరక ఇప్పటికీ ఉంది.

బట్టీకి ఇత్తడి ఫలకం బిగించారు: "పూర్వం ఇక్కడ గ్రామస్థులు రొట్టెలు కాల్చుకునేవారు." మేయరు ఆంబ్రోజ్ గారు రిబ్బను కత్తిరిస్తుండగా కత్తెర పళ్లెం పట్టుకునే గౌరవం మామ్మకు దక్కింది.

"పూర్వమేంట్రా ఆంబ్రోజూ, పోయిన శనివారం నువ్వే రెండు పట్టుకుపోయావుగా," అంది మామ్మ. "డెబ్బై తొమ్మిదేళ్లదాన్ని. నాకూ ఓ బోర్డు తగిలించెయ్, పనైపోతుంది."

మేయరుగారు ఆ సూచనను సంఘం పరిశీలనకు పంపారు.

రెండు శీతాకాలాలు గడిచేసరికి, నిప్పు లేని బట్టీకి చెమ్మ పట్టి కప్పు బీటలు వారింది. నిపుణులు దిగి, ఆరు నెలలు పరిశోధించి, అరవై పేజీల నివేదిక ఇచ్చారు. బట్టీ నిలవాలంటే వారానికొకసారి వెలిగించాలట. పొగ కూడదన్న పాత నివేదికను వారసత్వ సంపద కింద భద్రపరిచాం.

వెంటనే ఉష్ణ సంరక్షణాధికారి ఉద్యోగానికి ప్రకటన పడింది. మామ్మ దరఖాస్తు పెట్టింది. అనుభవం గడిలో "యాభై ఏళ్లు" అని రాసింది. చదువు గడి ఖాళీగా ఉన్నందున తిరస్కరించారు. మూడేళ్ల డిప్లొమా గల ఫ్లోరిమోన్ గారు నియమితులయ్యారు. మొదటి శనివారం ఊరంతా చేరిన వేడుకలో ఆయనకు కట్టెలు అంటుకోకపోతే రాజేసి పెట్టింది మామ్మే.

బట్టీ వేడెక్కాక ఆవిడ ఇంటికెళ్లి, పిండి ముద్దల గంప తెచ్చుకుంది.

"ఎలాగూ కాగింది కదా నాయనా, నాలుగు తోసేసి పోతాను. నీకూ ఒకటిస్తాలే."

ఫ్లోరిమోన్ గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "లోపల పరాయి వస్తువులు పెట్టకూడదండి మామ్మగారూ. నాకు మాత్రం తినాలని ఉండదా చెప్పండి."

మామ్మ గంప మీద గుడ్డ కప్పి, ఎదురుగా రాతి బల్ల మీద కూర్చుంది. ఖాళీ బట్టీ చక్కగా కాలింది. మన సంస్కృతి సజీవంగా ఉందని మేయరుగారు ప్రసంగించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నువ్వూ కొట్టవయ్యా, పండగ కదా," అంది మామ్మ నా వైపు చూసి.

నేను కొట్టలేకపోయాను. పట్నం సూపర్ మార్కెట్లో కొన్న రొట్టె నా చంకలో ఉంది. చెయ్యెత్తితే పడిపోతుంది.