వెనక కుట్టు, పక్క కుట్టు

దర్జీగారి పనితనానికి వంక పెట్టడానికి లేదు గానీ, ఏది కుట్టినా ఓ వేలెడు లూజుగా కుడతారు. "రేపు మీరు కాస్త ఒళ్లు చేస్తే?" అని ముందుచూపు. అందుకే వీధంతా ఆయన్ని లూజు మాస్టారంటుంది. ఆ ముందుచూపు బాగా ఫలించింది మాత్రం ఆయన ఒంటి మీదే.

డాక్టరమ్మ ఆయన నడుం కొలిచి పెదవి విరిచింది. వచ్చే నెలకి తగ్గకపోతే మాత్రలు మొదలుపెడతానంది, మొదలుపెడితే జీవితాంతం మానకూడదంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆయన భార్యకి అదే బెంగ. మాస్టారికి మాత్రం కొట్టు పక్కనున్న బేకరీ గుర్తొచ్చి గుండె తరుక్కుపోయింది.

"విన్నావుటే? కొవ్వంటే ఊరికే పడున్న మూట కాదట. అదీ ఓ అవయవంలా పనిచేస్తుందట. హార్మోన్లు తయారుచేసి, 'చాలు, ఇక తినకు' అని మెదడుకి కబురు పంపుతుందట. అంత కష్టపడేదాన్ని కరిగించమంటావా?" అన్నారు మాస్టారు కొట్టుకి రాగానే భార్యతో.

"మిగతా సగం నేను చెప్తా వినండి. అది మరీ పెరిగిపోతే పొద్దస్తమానం అరుస్తూనే ఉంటుందట, మెదడు వినడం మానేస్తుందట."

"అంత అరుస్తుంటే ఎందుకు వినదూ?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేనూ అరుస్తూనే ఉన్నాను. మీరు విన్నారా?"

మాస్టారు ఆ మాటా వినలేదు. పక్కనుంచి వెన్న బన్నుల వాసన వస్తోంది.

చివరికి ఆవిడే ఓ ఒప్పందం పెట్టింది. ఆదివారం ఆదివారం ఆయన బిగుతైపోయిన తన పాత గోధుమరంగు ప్యాంటు తొడుక్కోవాలి. గుండీ సులువుగా పడితే ఓ బన్ను. పడకపోతే బన్నూ లేదు, బేకరీ వైపు కిటికీ కూడా లేదు.

దర్జీకి ప్యాంటుతో పరీక్ష పెడితే ఏం చేస్తాడు? ఆవిడ భోజనానికి ఇంటికెళ్లగానే వెనక కుట్టు విప్పి, లోపలి మడతలోంచి కాస్త బట్ట వదిలి, మళ్లీ బుద్ధిగా కుట్టేశారు. ఆదివారం గుండీ టక్కున పడింది. మాస్టారు బన్ను తింటూ తన తెలివికి తానే మురిసిపోయారు.

ఆవిడ కాజాలు కుట్టే మనిషి, అదే కొట్లో, అదే మిషన్ దగ్గర. మిషన్ కింద గోధుమరంగు దారప్పోగులు ఏరి కొంగున ముడేసుకుంది.

తరవాతి ఆదివారానికి మాస్టారు మళ్లీ వెనక కుట్టు వదిలారు. గుండీ పడలేదు! ఊపిరి బిగబట్టారు, మంచం మీద వెల్లకిలా పడుకుని లాగారు. ఊహూఁ.

"వదిలినా చాలకపోవడమేమిటి? ఇంత పెరిగానా!" అని ఆయనకి ముచ్చెమటలు పోశాయి. టేపు పెట్టి చూసుకుంటే కొలత తక్కువే వచ్చింది. కానీ తన నడుం కొలుచుకునేటప్పుడల్లా పొట్ట లోపలికి లాక్కునే అలవాటున్న మనిషికి టేపు మీద నమ్మకమెక్కడిది?

పోనీ ఎవరికైనా చెప్పుకుందామా అంటే, వదిలిన కుట్టు సంగతి బయటపడుతుంది. నోరు మూసుకుని నడక మొదలెట్టారు. కుట్టిన బట్టలు తానే మోసుకెళ్లి ఇంటింటికీ ఇచ్చొచ్చారు. కంచంలో సగం తగ్గించారు. బేకరీ ఆయన పలకరిస్తే మొహం తిప్పుకున్నారు. ఇంత చేసి, మళ్లీ కుట్టు వదిలినా, ఆ పాపిష్టి ప్యాంటు ప్రతి ఆదివారం బిగుసుకుంటూనే ఉంది.

"ఏవండీ, చిక్కినట్టున్నారు?"

"ఎగతాళి చేయకే," అన్నారు మాస్టారు, దాదాపు ఏడుపు గొంతుతో.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే రోజు వచ్చింది. భార్యే ఆ ప్యాంటు ఇస్త్రీ చేసి చేతికిచ్చింది. ఆశ్చర్యం, గుండీ దానంతటదే పడింది. దేవుడు కరుణించాడనుకుని మాస్టారు బెల్టు కూడా పెట్టుకోకుండా బయల్దేరారు.

"చేతులు పైకెత్తండి," అంది డాక్టరమ్మ టేపు తీసి.

ఎత్తారు. ప్యాంటు సర్రున జారి పాదాల మీద పడింది. తలుపు తెరిచే ఉంది. బయట వరసలో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా దగ్గడం మొదలెట్టారు.

"చాలా తగ్గారే! ఏం చేశారు?" అంది డాక్టరమ్మ కొలత చూసి. "మాత్రలక్కర్లేదు."

వెంట వచ్చిన భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వుకి కొన్ని, సంతోషానికి కొన్ని. "ఆయన వెనక కుట్టు వదులుతుంటే నేను పక్క కుట్లు బిగించుకుంటూ వచ్చానండీ. ఈ పొద్దున నావి విప్పేశాను. ఆయనవి ఆయనకే వదిలేశాను."

తిరిగొస్తూ బేకరీ దగ్గర ఆవిడే ఓ బన్ను కొనిపెట్టింది. మాస్టారు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చేత్తో తిన్నారు. సగంలో ఆగి, "చాలే," అన్నారు. అన్నాక తానే ఉలిక్కిపడ్డారు.

"ఎవరన్నారది? మీరా, పొట్టా?"

"ఏమోనే. లోపల్నుంచి వినపడింది."

"హమ్మయ్య, ఒకరి మాట వినపడిందిగా. ఇక నా వంతు," అని ఆవిడ మిగతా సగం అందుకుని నోట్లో వేసుకుంది. "ఇంటికెళ్లగానే ఆ వెనక కుట్టు మీ చేత్తోనే బిగించండి. నేను చూస్తుండగా."

"ఓ వేలెడు లూజు ఉంచనా?"

ఆవిడ చూసిన చూపుకి మాస్టారు రెండో చేత్తో కూడా ప్యాంటు పట్టుకున్నారు.