ఏనుగు చెవికి పట్టని హెడ్‌ఫోన్లు

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ కలిపి ఒక సమితి ఉండేది, ఆ సమితికి ఒక కంప్యూటరు ఉండేది. అది ఆన్ చేస్తే పిండిమర పక్కన కూర్చున్నట్టే.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగులన్నీ ఎండిపోయాయి. ఏనుగు వరదమ్మ సమితి ఆఫీసుకు వచ్చి, లోపలికి పట్టదు కనుక కిటికీ దగ్గర నిలబడింది. పక్కన ఆమె గున్న తడి కోసం మట్టిని నాకుతోంది.

"ఎలుగన్నా, మా అమ్మ పోయేముందు ఊట దారి చెప్పి ఇందులో రికార్డు చేయించింది కదా. ఇలాంటి ఏడాది కోసమే దాచింది. ఒక్కసారి వినిపించు."

అధ్యక్షుడు ఎలుగుబంటి మనసు మంచిదే. వెంటనే పెట్టాడు.

"వరదా... ఎండిన వాగు దాటితే... గుర్ర్ర్... బండ... ఎడమ... గుర్ర్ర్ర్..."

"ఏ బండన్నా? అడవి నిండా బండలేగా!"

"ఫ్యాను చప్పుడమ్మా. పాతదైపోయింది పాపం."

పాతదై కాదు. సమితి సభ్యుడు కొంగ పంతులు ప్రతి శుక్రవారం కంప్యూటరుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గది కనబడనంత సాంబ్రాణి వేసేవాడు. వెనక గాలి ఆడే కంతలు ఉంటే, పూలు గుచ్చడానికి ఎంత వీలుగా పెట్టారోనని వాటి నిండా బంతిపూలు గుచ్చేవాడు. దేవుడు ఏమీ అనుకోలేదు. ఫ్యానే అనుకుంది.

"మూత తీసి చూస్తే?" అంది వరదమ్మ.

"శివశివా!" అన్నాడు కొంగ పంతులు. "ఇన్నాళ్లు పూజలందుకున్నదాని మూత తీస్తారా ఎవరైనా?"

అప్పుడు లేచాడు కొండముచ్చు. రోజంతా వీడియో ఆటలాడి, ఆ అనుభవంతోనే సాంకేతిక సలహాదారు అయినవాడు.

"ఇదెంత పని అత్తా! గేమింగ్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నామంటే బయటి చప్పుడు చీమంత కూడా వినబడదు."

"మరి ఫ్యాను బాబూ?"

"వినబడనప్పుడు ఇక ఫ్యానుతో పనేముంది?"

సమితికి ఈ మాట బాగా నచ్చింది. సభ్యులందరికీ హెడ్‌ఫోన్లు వచ్చాయి. వాటితోపాటు రంగురంగుల దీపాల కీబోర్డూ, అధ్యక్షుడికి గిరగిరా తిరిగే గేమింగ్ కుర్చీ వచ్చాయి. ఎలుగుబంటి అందులో కూర్చుని వరదమ్మకు నమస్కారం పెట్టబోయి, గోడకు పెట్టాడు.

"మరి నాకో?" అంది వరదమ్మ.

కొండముచ్చు ఎంత సాగదీసినా హెడ్‌ఫోన్లు ఆమె చెవికి లోలాకుల్లా వేలాడాయి. "మీ సైజు రావాలత్తా."

"పోనీ మీరైనా విని చెప్పండి నాయనా. పిల్ల దాహంతో అల్లాడుతోంది."

"ఈ పూట అజెండాలో చప్పుడే ఉందమ్మా," అన్నాడు ఎలుగుబంటి. "నీళ్ల సంగతి వచ్చే సమావేశంలో."

అందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. వాటిలో కొండముచ్చు తన ఫోన్లోంచి డప్పు పాటలు పెట్టాడు. ఫ్యాను కంటే గట్టిగానే ఉన్నాయి గానీ, కొత్త చప్పుడు కనుక హాయిగా ఉంది.

కాసేపటికి కంప్యూటరు వేడెక్కి ఆగిపోయింది. తెర నల్లబడింది. ఎవరూ గమనించలేదు. రంగుల దీపాలకు వేరే వైరుంది కనుక అవి వెలుగుతూనే ఉన్నాయి.

"కాలిన వాసనొస్తోంది! ఎలుగన్నా!"

నోరు కదలడం చూసి, దీవిస్తోందనుకుని, ఎలుగుబంటి తల వంచాడు.

గున్న మోకాళ్ల మీద కూలబడింది. ఇక వరదమ్మ ఆగలేదు. కిటికీలోంచి తొండం చాచింది. యంత్రం ఒళ్లు కాలిపోతోంది. గున్నకు జ్వరమొస్తే ఊదినట్టు, భగవంతుణ్ణి తలుచుకుని, వెనక కంతల్లోకి ఒక్క ఊదు ఊదింది.

ఎన్నో ఏళ్ల శుక్రవారాలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. కొంగ పంతులు ఎర్రబడ్డాడు, ఎలుగుబంటి పచ్చబడ్డాడు, కొండముచ్చు మీద ఎండిన బంతిపూల వాన కురిసింది. సభ్యులంతా కళ్లు నులుముకుంటూ ఉండిపోయారు.

వరదమ్మ తొండం కొసతో ఇందాక ఎలుగుబంటి నొక్కిన చోట్లే వరసగా నొక్కింది. ఫ్యాను చడీచప్పుడు లేకుండా తిరిగింది. గదిలో అమ్మ గొంతు లేచింది.

"వరదా, ఎండిన వాగు దాటితే తాబేలులా వంగిన బండ కనబడుతుంది. దానికి ఎడమ పక్కన తవ్వు. ముందు పిల్లలకు తాగించు, ఆనక అడిగినవాళ్లందరికీ పొయ్యి. సణక్కుండా పొయ్యి!"

వరదమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పోయినా తిట్టడం మానలేదు తల్లి.

"రండర్రా! దారి తెలిసింది!" అని ఎలుగెత్తి పిలిచింది. గున్న లేచింది. జింకలు, కుందేళ్లు, చెవులు తెరిచున్న ప్రతి ప్రాణీ వెంట నడిచింది.

లోపల సమావేశం సాగుతూనే ఉంది. కొండముచ్చు ఒక్కసారి హెడ్‌ఫోన్లు ఎత్తి చూసి, "చూశారా, చప్పుడు పూర్తిగా పోయింది!" అని చేత్తో సైగ చేశాడు. అతనికి సన్మానం చేయాలని తీర్మానించి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లూ ఎవరికీ వినబడలేదు.

ఎలుగుబంటికి గొంతు ఎండింది. "ఎవరక్కడ? కాసిని మంచినీళ్లు!"

ఊట దగ్గర వరదమ్మ, తల్లి చెప్పినట్టే, అడిగినవాళ్లందరికీ సణక్కుండా పోస్తోంది. సమితి కూడా అడిగింది పాపం. అంత దూరం వినబడలేదు.

ఆనాటి నుంచి ఆ సమితి గోడ మీద ఈ తీర్మానం రాసి ఉంది: చప్పుడు ఎక్కణ్ణించి వచ్చినా సరే, బాగుచేయవలసింది చెవులనే.