గ్లోరీ లేకుంటే ఎట్ల

సోమవారం పొద్దున నల్గొండ బస్సులో కూర్చున్నప్పుడే గ్లోరీ నిశ్చయించుకుంది, ఈసారి నోరు తెరిచి అడగాలని. కొత్తకోట ఆఫీసుకు తనలాంటి ఒక జూనియర్ అసిస్టెంటును పంపమని పైనుంచి మాటొచ్చింది. భర్త జానీ మెకానిక్ షెడ్డు ఆ ఊళ్లోనే. మూడేళ్ల కూతురు అక్కడే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆదివారం వచ్చిపోయే తల్లిని చూపించి, "గీ ఆంటి ఎప్పుడు పోతది?" అని నిన్ననే అడిగింది.

నల్గొండ ఆఫీసులో నీళ్ల మోటారు వేయడం, మొరాయించే ప్రింటరును బుజ్జగించడం, వచ్చిన ముసలివాళ్లకు అర్జీలు రాసిపెట్టడం గ్లోరీ పనులు కావు. ఎవరూ చేయరని చేసేది. ఇష్టంగానే చేసేది, తప్పంతా అక్కడే ఉంది.

"శైలజక్కా, కొత్తకోటకు పంపేటట్టు సారుకు నా గురించి జర మంచిగ చెప్పరాదూ," అంది పక్క సీటామెతో.

శైలజ మనసారా చెప్పింది. "సార్, గ్లోరీ బంగారం. ఆమె లేకుంటే గీ ఆఫీసు ఒక్కపూట నడువది."

వాచ్‌మన్ బీరప్ప తనవంతు సాయం చేశాడు. "మోటరు ఎట్లేస్తరో నాకే ఎర్క లేదు సార్. అంత ఆ మేడమే."

సూపరింటెండెంటు రామచంద్రయ్య ఉలిక్కిపడ్డాడు. "గట్లనా? మరి గామెనెట్ల పంపుత?"

సంగతి విని గ్లోరీ తల పట్టుకుంది. పనికిరానిదనుకుంటేనైనా వదులుతారని, మధ్యాహ్నం నుంచి తన ఫైలు తప్ప దేన్నీ ముట్టలేదు. కాసేపటికే ప్రింటరు కాగితం మింగి ఊరుకుంది. కుళాయి ఎండింది. అర్జీలవాళ్లు వరండా నిండి సారు గదిలోకి వచ్చేశారు. పక్క టేబుల్ జూనియర్ అసిస్టెంటు శివకుమార్ మాత్రం ఎప్పటిలాగే ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు.

సారు పిలిచాడు. తిట్లకు సిద్ధపడి, లోలోపల సంతోషపడుతూ గ్లోరీ వెళ్లింది.

"పానం బాగలేదా బిడ్డా? నువ్వు జర సల్లబడితెనే మా గతి గిట్లయింది. నిన్ను పంపితె మేం బతుకుతమా? శివకుమార్‌ను పంపుతున్న. ఆయన పోయినట్టు గూడ ఎవ్వలికి తెల్వది."

"సార్, నా బిడ్డ కొత్తకోటల..."

"నువ్వు ఆఫీసుకే తల్లివమ్మా," అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

వీడ్కోలు సభకు దండ, శాలువా తెచ్చింది గ్లోరీయే. శివకుమార్ సేవలు మరువలేనివని అందరూ పొగిడారు. ఏ సేవలో ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన మెడలో దండతోనే గ్లోరీ దగ్గరికొచ్చి, దిగులుగా అడిగాడు. "అక్కా, కొత్తకోటల నీ లెక్క పనిచేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఒకామె వచ్చేదుండె తమ్మీ. ఆపిన్రు."